వడ్లలో పడిన ఇరుసు

డిస్కు బ్రేకుల రేసు సైకిళ్లు మన జిల్లా పోటీల్లోకి అప్పుడప్పుడే అడుగుపెడుతున్న రోజులవి. ఆ ఏడాది మార్చి నెలాఖరులో తోటపల్లి గూడూరు మండలంలో జూనియర్ బాలికల రోడ్డు పోటీ పెట్టి, నన్ను న్యూట్రల్ సర్వీస్ ఇన్‌చార్జిగా వేశారు. నా అసలు ఉద్యోగం నెల్లూరులో ఒక సైక్లింగ్ శిక్షణ కేంద్రంలో చీఫ్ మెకానిక్. హోదా వినసొంపుగా ఉంటుంది. నా కింద ఇంకో మెకానిక్ లేడు గనుక నాకు నేనే చీఫ్‌ని. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేసి రిటైరయ్యారని అడిగితే సైకిల్ మెకానిక్‌ని అంటాను. దానికీ రిటైర్మెంటు ఉంటుందా అని వాళ్లు ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం చూడటానికే అలా చెబుతాను.

న్యూట్రల్ సర్వీస్ అంటే ఏ జట్టుకూ చెందని రిపేరు బండి. పోటీదారుల వెనకే వెళ్తుంది. ఎవరికి పంక్చరైనా ఆగి, చక్రం మార్చి, వెనకనుంచి నాలుగడుగులు తోసి పంపుతుంది. రోడ్డు పక్కన కూర్చుని ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూసే తీరిక రేసులో ఉండదు. చక్రానికి చక్రమే మార్చేస్తాం. ముందు చక్రం పోతే పోటీదారు ఎడమ చెయ్యెత్తాలి, వెనక చక్రమైతే కుడి చెయ్యి. మెకానిక్ జీపులో వెనక సీట్లో ఎడమ పక్క కూర్చుంటాడు, దిగగానే రోడ్డంచున పడేలా. ఒళ్లో ముందు చక్రాలు పెట్టుకుంటాడు. బండి పూర్తిగా ఆగకముందే దిగడం మా పనిలో ఒక విద్య. నా మోకాళ్లు ఆ విద్యకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాయి.

ఈ పని ఎంత తొందరగా అవుతుందన్నది మెకానిక్ చేతుల్లో కంటే చక్రాన్ని సైకిలుకు ఎలా బిగించారన్న దానిలో ఎక్కువ ఉంటుంది. పాత సైకిళ్లకు రెండు పక్కలా నట్లు. పానా పెట్టి విప్పాలి. ఆ తర్వాత వచ్చింది లీవరు చక్రం. చక్రం మధ్య బోలు ఇరుసులోంచి ఒక సన్నని కడ్డీ పోతుంది, ఒక కొనకు చిన్న లీవరు. దాన్ని వెనక్కి తిప్పి, అవతలి నట్టును కాస్త వదులు చేస్తే, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు గాడిలోంచి చక్రం కిందికి జారుతుంది. ముఖ్యమైన సంగతేమిటంటే ఏ ముక్కా విడిగా చేతికి రాదు. అంతా చక్రాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది.

మూడోది ఇరుసు చక్రం. డిస్కు బ్రేకు పట్టే బలానికి చక్రం గాడిలోంచి జరగకూడదని, ఫోర్కుకు గాడి బదులు రంధ్రం పెట్టారు. బొటనవేలంత లావు ఇరుసు ఒక పక్కనుంచి దూరి, చక్రం మధ్యగా పోయి, అవతలి పక్క మరలో బిగుసుకుంటుంది. దాంతో చక్రం ఎప్పుడు పెట్టినా ఒకే చోట కూర్చుంటుంది. ఆ బిగింపును నేను ఎంతైనా మెచ్చుకుంటాను. కానీ చక్రం తీయాలంటే ఇరుసును ఆసాంతం బయటికి లాగాలి. అంటే ఒక జానెడు ఇనుప ముక్క మన చేతిలోకి వచ్చి, నన్ను ఎక్కడ పెడతావు అని అడుగుతుంది. ఈ జ్ఞాపకమంతా ఆ ప్రశ్న గురించే.

మూడు రకాల సైకిళ్లూ పోటీకి వస్తాయి గనుక ముందురోజు సాయంత్రం తనిఖీ పెట్టాను. లీవరు సైకిలు ఫోర్కు మీద పసుపు చుక్క, ఇరుసు సైకిలుకు ఎర్ర చుక్క, నట్ల సైకిలుకు ఏమీ లేదు. జీపులోంచి చూడగానే ఏ చక్రం అందుకోవాలో తెలిసిపోతుంది. రంగు టేపు కావాలని నేను పెట్టిన ఇండెంటు పైవాళ్ల దగ్గర ఇంకా పరిశీలనలో ఉండటంతో పెయింటే వాడాను. చుక్కలన్నీ పెట్టి, దూరంగా నిలబడి చూసుకుని, రిటైరయ్యే లోపల ఒక పద్ధతైనా కనిపెట్టానని సంతోషించాను. నా సంతోషం తెల్లారేదాకా ఉంది.

పోటీకి ఆతిథ్యం ఇచ్చింది చెంచురామయ్య గారు. రొయ్యల గుంటల ఆసామి, పెద్ద మనసు, అంతకంటే పెద్ద గొంతు. పోటీ బయల్దేరేది ఆయన ఇంటి ముందునుంచే. తెల్లారి నేను వెళ్లేసరికి ఊరి ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని సైకిళ్ల మధ్య తిరుగుతున్నారు. కొత్త బండి వాకిలి దాటేముందు పసుపు రాసి కుంకుమ పెట్టాలి కదా. ఇంతమంది ఆడపిల్లలు మా ఊరినుంచి బోసి బండ్లతో బయల్దేరితే మాకు మర్యాద కాదని చెంచురామయ్య గారి ఇంటావిడ పూనుకున్నారట. ప్రతి ఫోర్కుకూ రెండు పక్కలా పసుపు. దాని మీద కుంకుమ. ఒక్క సైకిలునూ వదల్లేదు. నట్ల సైకిళ్లకు ముందు ఏ బొట్టూ లేదని చూసి జాలిపడి ఇంకొంచెం ఎక్కువే పెట్టారు.

నేను ముఖ్య న్యాయనిర్ణేత దగ్గరికి పరుగెత్తాను. మా పరిభాషలో చీఫ్ కమిసేర్ అంటారు, రోడ్డు మీద ఆయన మాటకు తిరుగులేదు. ఆయన అన్నీ విని, అయితే తుడిపించండి అన్నారు. నేను గుడ్డ పట్టుకుని మొదటి సైకిలు దగ్గరికి వెళ్లగానే ఆ పిల్ల తల్లి చూసిన చూపుకు గుడ్డను జేబులో పెట్టుకున్నాను. అసలే నా పేరు మస్తాను, పోటీ ముందు ఆడపిల్ల బండికి పెట్టిన బొట్టు తుడిచాడన్న మాట నాకెందుకు? ఆ సంగతి చీఫ్ కమిసేర్‌కి చెబితే ఆయన కూడా తుడవడానికి ముందుకు రాలేదు. ఆయన అధికారం రోడ్డు మీద మొదలవుతుందని, ఇది ఇంకా వాకిలేనని అన్నారు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. తుడవలేకపోతే ఇంకోటి చేరుస్తాం. పళ్లేల్లో బంతిపూలు ఉన్నాయి, చెంచురామయ్య గారి పెరట్లో వేపచెట్టు ఉంది. లీవరు సైకిలుకు బంతిపువ్వు, ఇరుసు సైకిలుకు వేపమండ కట్టమని ఆడవాళ్లను బతిమాలుకున్నాను. వాళ్లు చాలా ఇష్టంగా ఒప్పుకున్నారు. సాయిబుకు ఎంత భక్తో అని ఒకావిడ మెచ్చుకుంది కూడా. నేను కాదనలేదు.

ఇక్కడ కామాక్షి గురించి చెప్పాలి. ఆ ఊరి పిల్లే. పాత లీవరు సైకిలు, కాళ్లలో మంచి సత్తువ. తల్లీ తండ్రీ సూళ్లూరుపేట వైపు పనికి పోతే అవ్వ పెంచలమ్మే సాకింది. వచ్చే ఏటికి కామాక్షికి జూనియర్ వయసు దాటిపోతుంది. ఈ పోటీలో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్లకే రాష్ట్ర జట్టులో చోటు. ఇది తప్పితే ఆ పిల్లకు ఇంకో దారి లేదు, ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు, ఊరికీ తెలుసు. పెంచలమ్మకు మాత్రం రాష్ట్ర జట్టు అంటే ఏమిటో తెలియదు గానీ, మనవరాలు గెలవాలన్నది బాగా తెలుసు. ఆమె కామాక్షి సైకిలుకు కట్టిన బంతిపువ్వు చూసింది. పక్కన విశాఖ అమ్మాయి సైకిలుకు వేపమండ చూసింది. ఊళ్లో దిష్టంతా తన మనవరాలి మీదే ఉంటే వేపాకు పైవూరి పిల్లకు కడతారా అనుకుంది. ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా ఒక పెద్ద మండ తెచ్చి కామాక్షి ఫోర్కుకు చుట్టి, బంతిపువ్వు దాని కింద కనపడకుండా పోయిందన్న విచారం కూడా లేకుండా, తన వడ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

వడ్ల సంగతి కూడా చెప్పాలి. కోతల కాలం. మా వైపు ఆ రోజుల్లో తారు రోడ్డు సగం ప్రభుత్వానిది, సగం వడ్లది. పోటీ రోజున రోడ్డు ఖాళీగా ఉంచాలని చెంచురామయ్య గారు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు, అందరూ ఎత్తేశారు. పెంచలమ్మ మాత్రం ముందురోజే ఆరబోసింది. పచ్చి వడ్లు ఎత్తితే బూజు పడతాయని కదలనంది. రోడ్డు అందరిదీ కదమ్మా అని చీఫ్ కమిసేర్ నచ్చజెప్పబోతే, ఆ రోడ్డేసేటప్పుడు చేను చీలిక ఇచ్చింది మా మామ, నువ్వేమిచ్చినావో చెప్పు అని అడిగింది. ఆయన ఏమీ ఇవ్వలేదు. దాంతో సగం రోడ్డు పెంచలమ్మకు, సగం పోటీకి అని ఒప్పందం కుదిరింది. హద్దుగా ఆమె తుమ్మకంప పరిచింది. మేకలు రాకుండా మామూలుగా వేసేదే.

పోటీ రొయ్యల గుంటల చుట్టూ నాలుగు చుట్లు. మొదటి మూడింటిలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఒక నట్ల సైకిలుకు వెనక చక్రం మార్చాను. ఆ పిల్ల నేను నట్టు విప్పుతున్నంతసేపూ పక్కనున్న బడ్డీకొట్టు వైపు చూస్తూ ఉండింది, సోడా తాగి రావచ్చా అని అడుగుతుందేమో అనిపించింది. మూడో చుట్టుకు కామాక్షి, విశాఖ అమ్మాయి లావణ్య మిగతా గుంపును వదిలేసి ముందుకు వెళ్లిపోయారు. లావణ్యది నల్లటి కార్బన్ సైకిలు, చేత్తో ఎత్తితే గాలి ఎత్తినట్టుంటుంది. ఇద్దరూ వంతులేసుకుని ఒకరి వెనక ఒకరు తొక్కుతున్నారు. ఈ ఇద్దరే మొదటి రెండు స్థానాలని జీపు డ్రైవరు రవణయ్య తేల్చేసి, ఇంటికి ఏ దారిన పోతే తొందరగా చేరతామో ఆలోచించడం మొదలుపెట్టాడు.

మాకు తెలియనిదేమిటంటే, ఆ మూడు చుట్లలోనూ గుంపులో కొందరు మలుపు కోసుకుపోతూ పెంచలమ్మ వడ్ల అంచు మీదుగా తొక్కారు. మూడుసార్లు ఆమె చూసింది. నాలుగోసారి చూడదలుచుకోలేదు. కంపను రెండు బారలు రోడ్డు మధ్యకు జరిపింది. ముందుగా వచ్చేది తన మనవరాలేనన్న ఆలోచన ఆమెకు రాలేదు. వడ్ల కాపలాలో ఉన్న మనిషికి మనవరాళ్లు ఉండరు.

మేం మలుపు తిరిగేసరికి రెండు ఎడమ చేతులు పైకి లేచి ఉన్నాయి. రెండు ముందు చక్రాలూ పోయాయి. ఇద్దరి ఫోర్కులకూ వేపాకు. నేను ఒళ్లోంచి రెండు ఇరుసు చక్రాలు తీసుకుని దూకాను. ఇద్దరు ఒకేచోట ఆగితే ముందున్నవాళ్లకు ముందు అన్నది నియమం. లావణ్య చక్రమంత ముందుంది. బ్యాటరీ డ్రిల్లుకు ఆరు పలకల అలెన్ బిట్టు పెట్టి తిప్పితే ఇరుసు బుర్రుమని ఊడి చేతికొచ్చింది. ఇక్కడిదాకా పుస్తకంలో రాసినట్టే ఉంది.

కొత్త చక్రం ఎక్కించాలంటే రెండు చేతులూ కావాలి. డిస్కు రేకు బ్రేకు ప్యాడ్ల సందులోకి వెంట్రుకవాసి తేడా లేకుండా దూరాలి. అప్పుడు చేతిలోని ముక్కను నోట కరుచుకోవడం మా వృత్తిలో పాత అలవాటు. కానీ అది రంజాన్ నెల, నేను ఒక్కపొద్దు ఉన్నాను. గ్రీజు పూసిన ఇరుసు నోట్లో పెట్టుకుంటే ఒక్కపొద్దు ఉంటుందా పోతుందా అని ఎవరినైనా అడిగి తెలుసుకునే వ్యవధి లేదు. నేల మీద పెడితే మరలో ఇసుక చేరుతుంది. జేబులో పెట్టుకోవచ్చు కదా అని తర్వాత చాలామంది అడిగారు. జేబులో అప్పటికే డ్రిల్లు ఉంది. పక్కన పెంచలమ్మ నిలబడి ఉంది. అవ్వా, కాస్త పట్టుకో అని ఆమె చేతికిచ్చాను.

చక్రం ఫోర్కులో కూర్చోబెట్టి, చూడకుండానే వెనక్కి చెయ్యి చాచాను. చేతిలో ఏమీ పడలేదు. తిరిగి చూస్తే పెంచలమ్మ కూడా ఉత్త చేతులతో ఉంది. కంప జరిపిన సందులోంచి ఒక మేక వచ్చి వడ్లలో నాలుగు కాళ్లూ పెట్టింది. వడ్లలో మేక పడితే చేతిలో ఏముంటే అది విసురుతారు, అది కర్రా, చెప్పా, వేల రూపాయల సైకిలు ఇరుసా అని చూసుకోరు. ఆమె గురి మాత్రం తప్పింది. మేక మేకలాగే ఉంది. ఇరుసు వడ్లలో పడి కనపడకుండా పోయింది.

జీపులో వేరే ఇరుసులు లేకపోలేదు. తెచ్చి తిప్పాను. రెండు చుట్లు తిరిగి ఆగింది. ఒక్కో కంపెనీ ఒక్కో రకం మర కోస్తుంది, ఒకరి ఇరుసు ఇంకొకరి ఫోర్కులో పట్టదు. ఈ విషయంలో వాళ్లకు మన ఇంటి పైపుల వాళ్లే గురువులు. జీపు మీద అదనపు సైకిలు ఒకటుంది గానీ అది ఆరడుగుల మగవాడి కొలతది. లావణ్య దాని సీటు ఎక్కాలంటే ఇంకొకరు ఎత్తాలి.

ఈలోగా కామాక్షి వంక చూస్తే ఆ పిల్ల నేనిచ్చిన చక్రాన్ని పట్టుకుని ఓపిగ్గా నిలబడి ఉంది. లీవరు ఫోర్కుకు ఇరుసు చక్రం ఎందుకిచ్చారు సార్ అని అడిగింది. వేపాకు చూశానమ్మా అన్నాను. అవ్వ కట్టిందని చెప్పింది. రవణయ్యను లీవరు చక్రం కోసం తరిమాను. జీపును వడ్లకు అవతలే ఆపాడు గనుక పోయి రావడానికి వాడికి కాస్త టైము పట్టింది, పైగా వాడి నడకలో వయసు ఉంది.

నేను వడ్లలోకి దిగబోతే పెంచలమ్మ ఒప్పుకోలేదు. బూటు కాళ్లతో వడ్లు తొక్కితే ఊరుకోనంది. లావణ్య రేసు బూట్ల కింద ఇనుప బిళ్లలుంటాయి, ఆ పిల్లను చూసి అసలు దగ్గరికే రానివ్వలేదు. లావణ్య ఏడుపు మొహం పెట్టింది. దూరాన గుంపు ముందొచ్చే పైలట్ మోటారుసైకిలు హారను వినపడింది.

రవణయ్య లీవరు చక్రం తెచ్చాడు. పాతది జార్చి, కొత్తది గాడిలో పెట్టి, బ్రేకు సర్ది, లీవరు మూసేశాను. వక్క నమిలినంత సేపు కూడా కాలేదు. లీవరు చక్రం గొప్పతనం అప్పుడు చూడాలి. కామాక్షి సైకిలు సిద్ధంగా ఉంది, పక్కన లావణ్య సైకిలు ఇరుసు లేకుండా పడి ఉంది. ఇప్పుడెక్కి తొక్కితే మొదటి స్థానం ఎవరిదో చెప్పడానికి కమిసేర్లు అక్కర్లేదు. నేను తొయ్యడానికి సీటు వెనక చెయ్యి పెట్టి చూస్తే సీటు మీద మనిషి లేదు. బూట్లు విప్పి రోడ్డు మీద పెట్టి, కామాక్షి వడ్లలో ఉంది.

పెంచలమ్మ గొంతు పెంచింది. “ఒసే, నీ బండి అయిపోయినాది. నువ్వు పోవే.”

కామాక్షి తలెత్తలేదు. “ఇసిరింది నువ్వు. నేను కాకుండా ఎవరు ఎతుకుతారు?”

ఆ పిల్ల వెతికిన తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వంగి చేతులతో కెలకలేదు. ఎండబెట్టిన వడ్లు తిరగబెట్టేటప్పుడు చేసినట్టే పాదాలు పక్కపక్కనే పెట్టి, నేలనుంచి ఎత్తకుండా ఈడ్చుకుంటూ, ఈ కొసనుంచి ఆ కొసకు చాలు తీసింది. మళ్లీ వెనక్కి ఇంకో చాలు. హెల్మెట్ నెత్తినే ఉంది. తొందరపడితే చాళ్ల మధ్య వడ్లు తడమకుండా మిగిలిపోతాయని ఆ పిల్లకు తెలుసు. నేను మాత్రం మలుపు వైపూ, వడ్ల వైపూ మార్చి మార్చి చూశాను. ఆ పిల్ల మీద కోపం కూడా వచ్చింది, నిజం చెప్పొద్దూ. మూడో చాలు మధ్యలో ఆగి, కాలి వేళ్లతో ఇరుసును పైకి లాగి, నా చేతికిచ్చింది. మరలో ఇరుక్కున్న వడ్ల గింజలను ఊదుకుంటూ బిగించాను.

ఇద్దరినీ ఒకేసారి, చెరో చేత్తో తోశాను. నియమం ప్రకారం ఒక్కొక్కరినే తొయ్యాలి. గుంపు అప్పటికి మలుపు దగ్గర కనపడుతోంది. పెంచలమ్మ రోడ్డు మధ్యలో పరిచిన తన కంప వంక చూసింది, వస్తున్న గుంపు వంక చూసింది, నా వంక చూసింది.

“అబ్బయ్యా, ఈ కంప తీసేదా, ఉంచేదా?”

ఉద్యోగ జీవితంలో నన్ను ఇంత సూటిగా పరీక్షించిన పై అధికారి లేడు. తియ్యాలవ్వా, రూలు అన్నాను. ఆమె తీసింది. తీయను అనలేదు. కానీ ఆమెకు డెబ్బయ్యేళ్లు, కంపకు ముళ్లు, ఏ పనికీ తొందర పనికిరాదన్నది ఆమె సిద్ధాంతం. గుంపు అక్కడ బ్రేకులేసి, ఒకరి వెనక ఒకరు సర్దుకుని నడిపించుకుంటూ దాటాల్సి వచ్చింది. అవ్వా జాగ్రత్త, ముల్లు గుచ్చుకుంటుంది అని పిల్లలే ఆమెకు సాయం చేశారు.

ముగింపు గీత దగ్గర లావణ్య మొదట వచ్చింది. కామాక్షి టైరు మందం తేడాతో రెండోది. నా లెక్కలో అరికాళ్లకు అంటుకున్న వడ్ల దుమ్ము బూట్లలో జారి ఉంటుంది, లేకపోతే ఫలితం ఇంకోలా ఉండేది. అయినా రెండోస్థానం రెండోస్థానమే. ఇద్దరికీ రాష్ట్ర జట్టులో చోటు దొరికింది. ఆ రాత్రి కామాక్షి కంటే నేనే హాయిగా నిద్రపోయాను.

అంతకుముందు, సాయంత్రం, చిన్న విచారణ జరిగింది. లావణ్య జట్టు మేనేజరు, ఇరుసును కావాలనే పారేశారని ఫిర్యాదు చేశాడు. లావణ్యే అడ్డం వచ్చి, కావాలని పారేసినవాళ్ల మనవరాలు వెతికి ఇస్తుందా అని అడిగేసరికి అతను తగ్గాడు. అయినా కాగితం మీద కారణం రాయాలి గనుక చీఫ్ కమిసేర్ మేక మీదికి వెళ్లారు. పోటీ మార్గంలోకి పశువును వదిలితే యజమాని మీద చర్య తీసుకోవాలట. మేక ఎవరిదని అడిగితే ఊళ్లో ఎవరికీ తెలియదు. అందరికంటే గట్టిగా తెలియదన్నది చెంచురామయ్య గారు. ఆయన ఆ మాట అంటుండగానే మేక జనంలోంచి నడుచుకుంటూ వచ్చి ఆయన పంచె అంచు నమలసాగింది. చీఫ్ కమిసేర్ మర్యాదస్తుడు, చూడనట్టు ఊరుకున్నారు. మేక వడ్ల కోసం రాలేదని, ఆగి ఉన్న సైకిళ్లకున్న వేపాకు కోసం వచ్చిందని పెంచలమ్మ సాక్ష్యం చెప్పింది. వేపాకు కట్టించిందెవరని ఆయన అడిగారు. నేను ఒక్కపొద్దు విడిచే వేళయిందని లేచాను.

పోతుంటే పెంచలమ్మ నన్ను నిలేసింది. ఇరుసు దొరక్కుండా ఉంటే మా పిల్ల మొదట వచ్చేది కదా అంది. వచ్చేదే అవ్వా అన్నాను. మరి దానికి ఆ బుద్ధి ఎవరు నేర్పినారో అని విసుక్కుంటూ, రాలిన వడ్లు కొంగుతో కూడదీసింది. విసుగులో కూడా ఆమె మొహం మామూలు కంటే వెలిగిపోతోంది.

ఏది మంచి బిగింపని కుర్ర మెకానిక్‌లు ఇప్పటికీ నన్ను అడుగుతారు. రోడ్డు పక్కన చక్రం మార్చే పని ఒక్కటే చూస్తే లీవరుకే నా ఓటు. బ్రేకు పట్టుకూ, చక్రం నిలకడకూ ఇరుసును కాదనలేం. నట్లు మాత్రం సోడాకొట్టు దగ్గరగా ఉన్న మార్గాల్లోనే పనికొస్తాయి. మిగిలిన ఉద్యోగకాలమంతా నేను తనిఖీలో ప్రతి సైకిలు ఇరుసు మరనూ చూసి, దానికి సరిపోయే జోడీ ఇరుసు జీపులో వేసుకున్నాను. విప్పిన ఇరుసుకు తాడు కట్టి మణికట్టుకు వేలాడదీసుకున్నాను. గుర్తులకు సొంత డబ్బుతో ఆకుపచ్చ టేపు కొని, లీవరుకు ఒక చుట్టు, ఇరుసుకు రెండు చుట్లు వేశాను, అది ఏ పూజలోకీ రాదు. ఇండెంటు నేను రిటైరయ్యాక మంజూరైంది.

ఆ మార్చి నాకు నేర్పింది ఇంతే. విప్పిన ముక్కను వడ్ల కాపలాలో ఉన్న మనిషి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే అది మేక మీదికే పోతుంది. ఇచ్చి తీరాల్సి వస్తే, ఆ మనిషి మనవరాలు పక్కనే ఉందో లేదో ముందు చూసుకోవాలి.